మొన, దూది, లేదు

"దూది," అన్నాడు సోమనర్సయ్య.

అతని ఎడమ తొడ మీద వనమాల ఆనించింది కలం మొన. చర్మం ఆవగింజంత గుంట పడింది. ఆమె కలం వెనక్కి తీసుకుని ముక్కు ఎగబీల్చింది. రెండు రోజులుగా పడిశం. చెవిలో పెట్టుకున్న గుండీలో తూకం యంత్రం పన్నెండో మాట చెప్పింది: దూది, కుడి మోకాలి లోపలి పక్క. ఆమె కలం రెండో కొసనున్న దూది ఆనించింది.

"మొన."

పదమూడోది ఉత్తిది. కలాన్ని చర్మానికి గోరంత దూరంలో ఆపి మూడు లెక్కపెట్టాలి. పేషెంటు లేదు అనాలి. సోమనర్సయ్య తల కొద్దిగా పక్కకు తిప్పి, ఏదో వినాలని చూసినట్టు ఆగి, మళ్లీ మొన అన్నాడు.

ఇరవై అయ్యాక ఆమె అతని కళ్ల గంత విప్పింది. తెర మీద ఆరు అని పడింది. అరవయ్యో రోజున ఇదే మనిషి ఇవే ఇరవై చోట్లకు పదిహేడు సరిగ్గా చెప్పాడు. ఇవాళ ఎనభై తొమ్మిదో రోజు, ముందుతూకం. రేపు తొంభై. రేపు పద్నాలుగు రావాలి.

గునిగంటి సోమనర్సయ్యకు అరవై ఒక్కేళ్లు. తాటిచెట్టు మీంచి పడ్డాడు. బొడ్డు కింద నుంచి మొద్దుబారింది. వెన్నుశాలలో చేరినప్పుడు, తెగినచోట గూడు పెట్టారు. గూడంటే వేలిగోరంత జల్లెడ, దాని కన్నాల్లో పద్నాలుగు నెలలు పెంచిన కణాలు. అవి తొంభై రోజుల్లో వేళ్లు దింపి పై నరాన్ని కింది నరంతో కలపాలి. కలిపితే గూడు ఆ మనిషిది. కలపకపోతే తిరుగుతీత. గూడును ప్రాణంతో బయటికి తీసి వరసలో ఉన్న తరువాతి మనిషికి పెడతారు. తీసేటప్పుడు దాంతోపాటు బెత్తెడు మంచి వెన్ను కూడా పోతుంది. బొడ్డు దాకా ఉన్న మొద్దు రొమ్ము దాకా ఎక్కుతుంది. ఆ తరువాత మనిషి కూర్చోలేడు. కుర్చీకి పట్టీతో కట్టాలి. తొంభయ్యో రోజు సాయంత్రం నాలుగు దాటితే గూడు ఇంకెవరికీ పనికిరాదు.

నరంలో పోయే సంకేతాన్ని తూకం చదవగలదు. అయితే కాలు దానంతటది ముడుచుకోవడం వేరు, మనిషికి తెలియడం వేరు. తెలిసిందని మనిషే చెప్పాలి. చట్టం దాన్ని నోటిమాట అంది. నోటిమాట తీసుకోవడం వనమాల ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా అదే చేస్తోంది.

ఆమె కలాన్ని పెట్టెలో పెట్టింది. సోమనర్సయ్య మంచం మీద రెండు చేతులూ ఆనించి లేచి కూర్చున్నాడు. దిండు కింది నుంచి సగం అల్లిన మోకు తీసి, ఒక కొస మంచం కోడుకు కట్టి, రెండో కొస పురి పెట్టసాగాడు. అతను పడింది మోకు తెగి. అది కొన్న మోకు. అప్పట్నుంచి ఇంకొకరు అల్లినదాన్ని నమ్మడు. హాలుకు వచ్చిన మూడు నెలల్లో పదకొండు అల్లాడు. ఊరి నుంచి కల్లు గీసేవాళ్లు వచ్చి పట్టుకుపోతున్నారు. పురి బిగించేటప్పుడు రెండు చేతులతో లాగి, నడుము నుంచి వెనక్కి వాలతాడు. తాడు అతని బరువును ఆపితే మోకు పనికొస్తుంది.

"పెద్దయ్యా, అప్పుడు పదిహేడు చెప్పినవు. ఇయ్యాల ఆరు. ఏమైంది?" అని అడిగింది వనమాల.

"నాకేమైతది బిడ్డా. నీకే పడిశమైంది."

"నా పడిశానికి, నీ కాళ్లకు ఏం సంబంధం?"

అతను పురి ఆపాడు. ఆమె మొహం కాసేపు చూశాడు.

"మొన పెట్టేముందు నువ్వు ఊపిరి ఆపుతవు. దూదికి ఆపవు. ఉత్తిగున్నప్పుడు జర్ర గట్టిగ ఇడుస్తవు. ఇయ్యాల ముక్కు దిమ్మేసి అంతా గురగుర. ఏం ఇనవడలే."

ఎదుటి మంచం మీద కొమురెల్లి నవ్వాడు. క్రేను నడిపేవాడు, అతనికి డెబ్బై ఒకటో రోజు. "నేను పొద్దున్నే చెప్పిన. మేడమ్‌కు జర తులసాకు కషాయం తాపున్రి, లేకుంటే మనం మునుగుతం అని."

వనమాలకు నవ్వు రాలేదు. ఎంతమందికి తెలుసని అడిగింది. హాలులో ఉన్న పద్నాలుగు మంచాలకూ తెలుసు. ఇంటికి పోయేవాడు పక్క మంచానికి సబ్బు బిళ్ల, మిగిలిన నూనె సీసా ఇచ్చి పోవడం హాలులో ఆనవాయితీ. వాటితోపాటు ఇది కూడా చెప్పి పోతాడు. సోమనర్సయ్యకు మూల మంచం ఆయన చెప్పాడు. ఆయనకు అంతకు ముందాయన. మొదట కనిపెట్టింది ఎవరో ఎవరికీ తెలియదు. కిందపడక ముందు సోమనర్సయ్య, చెట్టుకింద నిలబడి, పైన లొట్టిలో కల్లు చుక్క పడే చప్పుడు విని ఎంత నిండిందో చెప్పేవాడట. అతనికి ఊపిరి వినడం పెద్ద పని కాలేదు.

"అయితే నీకు నిజంగ ఏం తెలుస్తలేదా?"

అతను తన పాదాల వైపు చూసుకున్నాడు. "కొయ్య లెక్కనే ఉన్నయి," అన్నాడు. కాసేపటికి, "రేపటి వరకు తగ్గుతదా?" అని అడిగాడు.

ఏది అని ఆమె అడగలేదు. పడిశం సంగతే.

అప్పుడు ద్వాలి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. తూకానికి కూర్చున్నవాడికి, వరసలో అతని వెనక ఉన్నవాళ్ల ఇంటి మనిషి అన్నం తెచ్చిపెట్టాలని ఏ కాగితం మీదా లేదు. తేకపోతే ఇతను చెడిపోవాలని కాచుకున్నట్టు ఉంటుంది. తినకపోతే భయపడ్డట్టు ఉంటుంది. అందుకని వాళ్లు తెస్తారు, వీళ్లు తింటారు. ద్వాలి కూతురు సునైన సోలార్ పలకలు బిగిస్తూ కప్పు మీంచి పడింది. ఇరవై ఏళ్లు. నిన్న మధ్యాహ్నం నుంచి లోపలి గదిలో సిద్ధశయ్య మీద బోర్లా పడుకుని ఉంది. బయటికి తీసిన గూడు ఇరవై రెండు నిమిషాలే బతుకుతుంది. కనుక పెట్టించుకునే మనిషి వీపు ముందే తెరిచి, పొర కప్పి ఉంచుతారు. ఒక మనిషి వీపు మూడుసార్లకు మించి తెరవకూడదు. సునైనకు ఇది రెండోసారి. మొదటిసారి మూల మంచం ఆయన కోసం తెరిచారు. ఆయనకు పదహారు వచ్చాయి. సునైన వీపు కుట్టేశారు.

ద్వాలి జొన్నరొట్టె తుంచి, పచ్చిమిరపకాయల కారం వేసి పళ్లెం అతని ముందు పెట్టింది. రోజూ అడిగేదే అడిగింది.

"కాళ్లల్ల ఏమన్న తెలుస్తుందా తాతా?"

"తెలుస్తుంది బిడ్డా. మస్తుగ తెలుస్తుంది."

"మంచిది," అని ఆమె ఇంకో రొట్టె వేసింది.

వనమాల మధ్యాహ్నం అన్నానికి వెళ్లకుండా తన చిట్టా తెరిచింది. ఎనిమిదేళ్లలో ఆమె రెండు వందల మూడు తొంభయ్యో రోజు తూకాలు చేసింది. నూట నలభై రెండు మంది నిలిచారు. అరవై ఒకరికి తిరుగుతీత జరిగింది. ఇన్నాళ్లూ ఆ జాబితాను ఆమె వయసు వారీగా చూసింది, దెబ్బ ఎక్కడ తగిలిందో దాని వారీగా చూసింది. ఇవాళ మంచాల వారీగా చూసింది.

హాలులో ఉన్నవాళ్లు నూట పద్ధెనిమిది మంది. వాళ్లలో తూకంలో పడిపోయింది ముగ్గురు. ముగ్గురి కాగితాల్లోనూ వినికిడి తక్కువ అని రాసి ఉంది.

ఒంటరి గదుల్లో ఉన్నవాళ్లు ఎనభై ఐదు మంది. పుండ్లు పడ్డవాళ్లనీ, జ్వరం ఉన్నవాళ్లనీ అక్కడ ఉంచుతారు. వాళ్లకు పక్క మంచం ఉండదు. ఇంటికి పోతూ సబ్బు బిళ్ల ఇచ్చేవాడు ఉండడు. వాళ్లలో నిలిచింది ఇరవై ఏడుగురు.

ఆమె కాగితం మీద భాగించింది. నిజంగా గూడు పట్టేది నూటికి ముప్పై రెండు మందికే. డెబ్బై అని వెన్నుశాల గోడ మీద రాసి ఉంది. హాలులోనూ గదుల్లోనూ గూడు పట్టనివాళ్లు ఒకే లెక్కన ఉండి ఉంటారు. తీసింది మాత్రం వినలేనివాళ్ల దగ్గర, ఎవరూ చెప్పనివాళ్ల దగ్గర.

ఆరో గది మాధవాచారి గుర్తొచ్చాడు. బడిపంతులు. ప్రతి తాకుడుకూ ఆలోచించి జవాబు చెప్పేవాడు. మొనలాగే ఉంది గానీ నిశ్చయంగా చెప్పలేను, లేదనే రాసుకోండి అన్నాడు, అలా నాలుగుసార్లు. ఆమె రాసుకుంది. అతనికి పదకొండు వచ్చాయి. ఆరు నెలల తరువాత తనిఖీకి వచ్చినప్పుడు రొమ్ముకు అడ్డంగా రెండు పట్టీలతో కట్టి తెచ్చారు. తల ఒక పక్కకు వాలి ఉంది. అప్పుడు కూడా ఆమెను గారూ అనే పిలిచాడు.

వెన్నుశాల పెద్ద డాక్టర్ నీరజాక్షి వనమాల చెప్పిందంతా విని, ముందు అడిగింది ఇంకెవరికి చెప్పావని. ఎవరికీ చెప్పలేదంది వనమాల. తరువాత డాక్టరు చాలాసేపు మాట్లాడింది. తొమ్మిది వెన్నుశాలల్లో తూకం నేర్చుకున్నది వనమాల చేతి నుంచే. ఎంత నొక్కాలి, ఎన్ని క్షణాలు ఉంచాలి, ఎన్ని వస్తే నిలిచినట్టు, అన్నిటికీ ఆమె చిట్టాయే కొలబద్ద. అది తప్పని రాస్తే తొమ్మిది చోట్లా తప్పని రాసినట్టు. రేపటి తూకానికి వేరే మనిషిని పెట్టడానికి కూడా లేదు. అరవయ్యో రోజు ఎవరు చేస్తే తొంభయ్యో రోజు వాళ్లే చేయాలి.

"రేపు మాస్కులు రెండు పెట్టుకో. ఊపిరి సమంగా తియ్యి," అంది డాక్టరు. "ఏం వస్తే అది వస్తుంది. ఎల్లుండి నుంచి అందరికీ అలాగే చెయ్యి."

"ఆ అరవై ఒక్కరి సంగతి మేడమ్?"

"అవి తూకం చెప్పినవి."

పదకొండేళ్లుగా బంధువులకు డాక్టరు చెప్పేది ఆ మాటే. ఎవరి గూడు తీయాలో తను ఎన్నడూ నిర్ణయించలేదు. ఆ సంగతి ఆమె గర్వంగానే చెప్పుకునేది.

మరునాడు పొద్దున వనమాల ఆవిరి పట్టింది. ముక్కు తెరుచుకుంది. అద్దం ముందు నిలబడి కలం ఎత్తి, గాలిలో మొన పెట్టి చూసుకుంది. ఊపిరి ఆగింది. మళ్లీ చూసుకుంది. ఆపకూడదనుకుంటే అప్పుడు దూదికి కూడా తేడా వస్తోంది. మాస్కు పెట్టుకుని సమంగా తీస్తే సోమనర్సయ్యకు ఆరో ఏడో వస్తాయి. సాయంత్రానికి అతన్ని పట్టీతో కడతారు. హాలు మొత్తంలో అతనొక్కడినే, ఆమెకు పడిశం పట్టిందని. ఎప్పటిలా ఆపితే పదిహేడు వస్తాయి. సునైన వీపు మళ్లీ కుడతారు. తూకం రెండింటినీ ఫలితం అనే అంటుంది.

మూడున్నరకు ఆమె మంచం దగ్గరికి వచ్చేసరికి సోమనర్సయ్య మోకు పక్కన పెట్టి పడుకుని ఉన్నాడు. ఆమె మాస్కు పెట్టుకోలేదు. రెండు ఊపిరులు విని, "తగ్గినట్టుంది," అన్నాడు. మొహం తేటపడింది. కళ్లకు గంత కట్టించుకున్నాడు. ఆమె అతని నడుం దగ్గర అడ్డుతెర దించింది. లోపలి గది తలుపు దగ్గర ఇద్దరు ఆపరేషను గౌన్లు తొడుక్కుని నిలబడ్డారు. వరండాలో ద్వాలి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చెవిగుండీలో తూకం చెప్పింది: మొన, ఎడమ బొటనవేలు.

"మొన పెడుతున్న పెద్దయ్యా. ఎడమ కాలి బొటనవేలి మీద," అంది వనమాల పైకి. మొన ఆనించింది.

సోమనర్సయ్య నోరు సగం తెరిచి ఆగిపోయాడు. మాట వినిపించింది, మళ్లీ చేయమని చెవిగుండీ అంది. ఆమె మళ్లీ చేయలేదు. రెండోది దూది. దూది పెడుతున్నానని చెప్పి దూది ఆనించింది.

"ఏందమ్మా ఇది?"

"ఏం పెడుతున్ననో నేను చెప్త. తెలుస్తుందో లేదో నువ్వు చెప్పు."

అతని పెదవులు కదిలాయి. మొన అంటే మొన అనొచ్చు. దూది అంటే దూది అనొచ్చు. ఇరవైకి ఇరవై వస్తాయి. హాలు అంతా చెవులప్పగించి ఉంది. మూడోది మొన. ఆమె చెప్పి, కుడి మడమ మీద పెట్టి, ఆగింది.

"లేదు," అన్నాడు.

ఆ తరువాత ప్రతిదానికీ అదే చెప్పాడు. ఒకే గొంతుతో, తొందర లేకుండా. ఇరవయ్యోది అయింది. తెర మీద అంకె ఉండే చోట ఖాళీగా ఉంది. దాని కింద అక్షరాలు వచ్చాయి: నోటిమాట చెడింది. ఫలితం లేదు. ఈ కొలిచే మనిషి చిట్టా మొత్తం నిలుపుదల. టైము మూడూ నలభై ఒకటి. అదే నిమిషంలో మిగతా ఎనిమిది వెన్నుశాలల్లోనూ తెరలు ఆగిపోయాయి. ఆమె చిట్టా లేకుండా అంకెలు చెప్పడం తూకానికి రాదు.

డాక్టర్ నీరజాక్షి వచ్చింది. తెర చూసింది. వనమాలను ఏమైనా అనడానికి టైము లేదు. సోమనర్సయ్య వేలిముద్ర వేసిన ఒప్పందం తెప్పించి చదివింది. తూకం నిలిచాడంటే ఏం చేయాలో అందులో ఉంది. పడ్డాడంటే ఏం చేయాలో ఉంది. తూకం ఏమీ చెప్పకపోతే ఏం చేయాలో లేదు. పైవాళ్లకు ఫోను చేసింది. వాళ్లు అడిగింది ఒకటే, తూకం ఏం చెప్పిందని. ఏమీ చెప్పలేదని ఆమె రెండుసార్లు చెప్పి ఫోను పెట్టేసింది. మూడూ యాభై రెండు.

గౌన్లు తొడుక్కున్న ఇద్దరూ ఆమె మొహం చూస్తున్నారు. ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడింది. నిర్ణయం కాకముందు ఆమె ఈ హాలులో ఏ మంచం దగ్గరికీ రాలేదు.

"ఆయన్ని అడగండి మేడమ్," అంది వనమాల.

డాక్టరు మంచం వైపు వంగింది. "సోమనర్సయ్య గారూ, గూడు మీకు పట్టలేదు. ఇప్పుడు తీస్తే ఆ అమ్మాయికి పనికి రావచ్చు. తీయమంటారా?"

అతను కళ్ల గంత తనే విప్పుకున్నాడు. డాక్టరును చూశాడు, తరువాత వనమాలను.

"నన్నడుగుతున్నరా?"

"మిమ్మల్నే."

"తీస్తే నేను కూసునుడు ఉండదు."

"ఉండదు."

"తీయకపోతే?"

"ఇప్పుడున్నట్టే ఉంటారు."

"ఆ పిల్లకు తప్పకుంట నడకొస్తదా?"

నిన్నటిదాకా అయితే ఆమె డెబ్బై అనేది. వనమాల వైపు చూసి, "నూటికి ముప్పై రెండు," అంది.

చేతులు ఆనించి అతను లేచి కూర్చున్నాడు. వరండా తలుపు దగ్గర ద్వాలి నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు. అతను జవాబు డాక్టరుకు చెప్పలేదు.

"ఇయ్యను బిడ్డా," అన్నాడు ద్వాలితో.

ద్వాలి డబ్బా పట్టుకుని అక్కడే నిలబడింది. గడియారం నాలుగు దాటేదాకా హాలులో ఎవరూ కదల్లేదు. దాటాక గౌన్లవాళ్లు లోపలికి వెళ్లారు. వీపు కుట్టడానికి సామాను సర్దుతున్న చప్పుడు తలుపు ఇవతలికి వినిపించింది. సునైన లోపల్నుంచి ఏదో అడిగింది. ఆడమనిషి గొంతు ఒకటి ఆమెకు జవాబు చెప్పింది.

సోమనర్సయ్య మోకు అందుకున్నాడు. పురి రెండుసార్లు జారింది. మూడోసారి బిగించి, వెనక్కి వాలి లాగాడు. తాడు అతన్ని ఆపింది.

డాక్టరు గదిలో ఫోను మోగుతోంది. ఆగి మళ్లీ మోగుతోంది. మిగతా వెన్నుశాలలవాళ్లు. ఆమె వెళ్లి తీయలేదు.

"మేడమ్," అన్నాడు ఎదుటి మంచం మీంచి కొమురెల్లి. గొంతులో నిన్నటి నవ్వు లేదు. "నా రోజు వస్తే నన్ను గూడ అడుగుతరా?"

"అడుగుతం," అంది వనమాల.

ఆమె చెవిగుండీ తీసి కలం పక్కన పెట్టి పెట్టె మూసింది. తలెత్తేసరికి ద్వాలి హాలు మధ్యకు వచ్చి ఉంది. సోమనర్సయ్య మంచం దాటింది. అతని వైపు చూడలేదు. కొమురెల్లి మంచం దగ్గర ఆగి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీది ఎన్నో రోజు అన్నా?"

"డెబ్బై రెండు."

ఆమె పెదవులు కదిలాయి. ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకున్నట్టుంది. టిఫిన్ డబ్బా మూత తీసింది. రొట్టె తుంచి, కారం వేసి, పళ్లెం అతని ముందు పెట్టింది.

"కాళ్లల్ల ఏమన్న తెలుస్తుందా?" అని అడిగింది.

కొమురెల్లి రొట్టె ముట్టలేదు.